లావు తగ్గితే పిప్పి పళ్ళు ఆగుతాయా?

పదిహేనేళ్ళ మీ అబ్బాయి బొద్దుగా ఉంటాడని, మూడు దవడ పళ్ళు పుచ్చాయని, బరువు తగ్గిస్తే మిగతావి నిలుస్తాయా అని అడిగారు.

తగ్గించండి, మంచిదే. పళ్ళ కోసమైతే మాత్రం తూకం మిషను ఎక్కించి లాభం లేదు. బక్కపలచటి పిల్లలకూ పళ్ళు పుచ్చుతాయి. లావుకీ పిప్పికీ చక్కెరే చుట్టరికం కలుపుతుంది. కాకపోతే పొట్ట గ్రాములు లెక్కపెడుతుంది, పన్ను ఎన్నిసార్లో లెక్కపెడుతుంది.

600 మి.లీ. కూల్ డ్రింకు సీసానే తీసుకోండి. 100 మి.లీ.కి 10 గ్రాముల పైచిలుకు చక్కెర, అంటే మొత్తం 60 గ్రాములు దాటుతుంది. చెంచాల్లో చెప్తే 15. అన్నం తింటూ 5 నిమిషాల్లో తాగేసినా దాదాపు 250 క్యాలరీలే, సాయంత్రం 7 నుంచి 9 దాకా ఫోన్లో గేమ్ ఆడుతూ పావుగంటకో గుక్క వేసినా అవే 250. బరువులో తేడా రాదు. పంటి సంగతి వేరు. తీపి తగిలిన కొద్ది నిమిషాలకే పాచిలోని బ్యాక్టీరియా దాన్ని యాసిడ్‌గా మారుస్తుంది. పీహెచ్ (యాసిడ్ ఎంతుందో చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువ) 5.5 కిందికి పడితే ఎనామిల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, కరగడం మొదలు. లాలాజలం సర్దుకోవడానికి అరగంటో, ఇంకాస్త ఎక్కువో కావాలి. పావుగంటకో గుక్క పడుతుంటే దానికి వంతు ఎప్పుడొస్తుంది? అన్నంతో తాగేసినవాడి పళ్ళు ఒక్కసారి తడిశాయి, గుక్కగుక్కగా తాగినవాడివి రెండు గంటలు యాసిడ్‌లో నానాయి.

దీన్ని 1940ల్లోనే స్వీడన్‌లోని విపెహోమ్ ఆస్పత్రిలో చూశారు. మానసిక వికలాంగుల మీద చేసిన ప్రయోగం అది, అలా చేయకూడదు. భోజనంతో తిన్న చక్కెర కంటే మధ్యమధ్యలో నమిలిన టాఫీలే పళ్ళను ఎక్కువ పాడుచేశాయని అందులో తేలింది.

అసలు చిక్కు బరువు తగ్గించే పద్ధతులతో. తేనె నిమ్మరసం నీళ్ళు చప్పరిస్తూ తాగడం, రెండు గంటలకోసారి ఖర్జూరాలు, జ్యూసు. ఒంట్లో కిలోలు తగ్గుతాయి, నోట్లో గుంటలు పెరుగుతాయి. బెల్లమైతే ఫర్వాలేదంటారు, బ్యాక్టీరియాకు బెల్లమూ పంచదారే. డైట్ కోలాలో చక్కెర లేకపోయినా యాసిడ్ ఉంది, అది ఎనామిల్‌ను అరగదీస్తుంది. పనిలో పని, ఈ వయసుకు పెద్దల బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) పట్టిక పెట్టి చూడకండి, వయసువారీ చార్టు వేరే ఉంటుంది.

మూడు రోజులు కాగితం మీద రాయించండి, రోజుకు నోట్లోకి తీపి ఎన్నిసార్లు వెళ్ళిందో. టీ, బిస్కెట్, చదువుకునేటప్పుడు నోట్లో వేసుకునే చాక్లెట్, అన్నీ. నాలుగు దాటితే ముందు కోయాల్సింది భోజనాల మధ్యవాటినే. స్వీటు తినాలనుంటే అన్నంతోనే తినేయమనండి.

రాత్రి పడుకునే ముందు బ్రష్ తప్పదు, ఎందుకంటే నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పేస్టులో ఫ్లోరైడ్ కనీసం 1000 పీపీఎం (పదిలక్షల వంతుల్లో వెయ్యి) ఉండాలి, ట్యూబు మీద చూడండి. రెండు నిమిషాలు తోమి నురగ ఉమ్మేస్తే చాలు. మనవాళ్ళు చెంబెడు నీళ్ళతో పుక్కిలించి ఫ్లోరైడంతా సింకులో పోస్తారు. బ్రష్ చేశాక పాలలో కలిపే చాక్లెట్ పొడి ఇస్తే తోమిందంతా వృథా.

సుద్దలాంటి తెల్ల మచ్చ దశలో ఉంటే ఫ్లోరైడ్‌తో వెనక్కి తిప్పొచ్చు. గుంట పడ్డాక అది తనంతట తాను పూడదు, సిమెంటు పెట్టించాల్సిందే. 12 ఏళ్ళప్పుడు వచ్చిన రెండో దవడ పళ్ళ గాడులు లోతుగా ఉంటే, ఇంకా పుచ్చకపోతే, సీలెంట్ (గాడులను మూసే పూత) వేయమని డెంటిస్టును మీరే అడగండి.