హాస్టల్ వేడుకలకు వెళ్తే చదువు పాడవుతుందా?

మేడమ్, నాకు 18 ఏళ్ళు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో బీటెక్ మొదటి సంవత్సరం. మాది ఖమ్మం జిల్లాలో చిన్న ఊరు. నాన్నకి మోటార్ వైండింగ్ షాపు ఉంది. ఇంటర్ రెండేళ్ళూ హైదరాబాద్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. ఇక్కడ హాస్టల్లో ఎప్పుడూ ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది. మొదట్లో వెళ్ళినా గోడ పక్కన పది నిమిషాలు నిలబడి గదికి వచ్చేసేవాణ్ణి. ఆ తర్వాత వెళ్ళడమే మానేశాను. హిందీ సగమే అర్థమవుతుంది. అందరూ నవ్వేశాక నేను నవ్వుతాను. దీపావళి ఇల్యూమినేషన్ కోసం, అంటే హాస్టళ్ళ దీపాల పోటీ కోసం, అందరూ రాత్రుళ్ళు పని చేస్తుంటే తలుపు వేసుకుని కూర్చున్నాను. చివరి వారం పక్క గది అబ్బాయి పిలిస్తే వెళ్ళాను. వెదురు చట్రానికి తీగతో ప్రమిదలు కట్టే పని ఇచ్చారు. చిన్నప్పటి నుంచి నాన్న షాపులో తీగ చుట్టినవాణ్ణి కదా, చేయి చకచకా ఆడింది. ఒక సీనియర్ చూసి మిగతావాళ్ళకి నేర్పమన్నాడు. దీపాలు వెలిగాక నాకు ఏడుపొచ్చింది. నాన్నకి ఫొటో పంపితే 'దీపాలు పెట్టడానికా నిన్ను అంత దూరం పంపింది' అన్నాడు. సెప్టెంబర్ మిడ్‌సెమ్ పరీక్షల్లో (సెమిస్టర్ మధ్యలో పెట్టేవి) మ్యాథ్స్ మార్కులు బాగా తగ్గాయి, ఆ కోపం ఉంది. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా లైబ్రరీలో ఉన్నానని అబద్ధం చెబుతున్నాను. ఇవన్నీ మానేయాలా?

బాబూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నెలలు చూసుకుంటూ చదివాను. మిడ్‌సెమ్ సెప్టెంబర్‌లో జరిగింది. నువ్వు తీగ పట్టుకున్నది దీపావళికి ముందు చివరి వారంలో. అంటే మార్కులు తగ్గే నాటికి నువ్వు ఏ వేడుకకీ వెళ్ళడం లేదు, గదిలోనే ఉన్నావు. ఈ సంగతి నువ్వూ గమనించలేదు, మీ నాన్నగారూ గమనించలేదు. ఇద్దరూ కలిసి దీపాల మీద నెపం వేశారు.

మరి మార్కులు ఎందుకు తగ్గాయి? ఇక్కడ కూర్చుని నేను ఖాయంగా చెప్పలేను. ఒక్క మాట మాత్రం అడుగుతాను. ఆ రెండు నెలల్లో నీకు లెక్క అర్థం కాకపోతే ఎవరిని అడిగావు? ఇంటర్‌లో స్టడీ అవర్ ఉండేది, లెక్చరర్ బెంచీ దగ్గరికే వచ్చేవాడు, వారం వారం పరీక్ష పెట్టి ఎక్కడ వెనకబడ్డావో వాళ్ళే చెప్పేవారు. నువ్వు అడగకపోయినా చదువు నీ దగ్గరికి వచ్చేది. యూనివర్సిటీ క్యాంపస్‌లో అలా రాదు. పాత ప్రశ్నపత్రాలు, సీనియర్ల నోట్సు, ట్యుటోరియల్‌లో ఏ లెక్క ముఖ్యమన్నది, ఇవన్నీ మెస్ బల్లల దగ్గరా, వరండాల్లోనూ చేతులు మారుతుంటాయి. తలుపు వేసుకున్నవాడికి అవి చేరవు. నిన్ను చివరి వారంలో పిలిచిన ఆ పక్క గది అబ్బాయినే ఆగస్టులో ఒక ఇంటిగ్రేషన్ లెక్క అడిగి ఉంటే ఎలా ఉండేదో ఒకసారి ఆలోచించు.

ఇక గోడ పక్కన నిలబడటం గురించి. నువ్వు నీ స్వభావంలోనే ఏదో లోపం ఉన్నట్టు రాశావు. అలా అనుకోకు. పదహారేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా, అంటే స్నేహాలు పెరగాల్సిన వయసులో, నువ్వు తెల్లవారుజామున లేచి రాత్రి దాకా పుస్తకం ముందు కూర్చున్నావు. నెలకో రెండు నెలలకో ఒక ఔటింగ్. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఇలాంటివాళ్ళు ఎంతమందో! ర్యాంకు వచ్చిందని ఊరంతా మెచ్చుకుంటుంది, కొత్త మనిషితో ఐదు నిమిషాలు మాట్లాడటం ఆ పిల్లాడికి ఎంత కష్టమో ఎవరికీ పట్టదు. నాకు ఈ విషయంలో బాధా ఉంది, కోపమూ ఉంది. నీకు ఆ అలవాటు చేసుకునే అవకాశం ఎవరూ ఇవ్వలేదు, అంతే. ఇప్పుడు చేసుకోవచ్చు.

దానికి దారి కూడా నీకు దొరికింది. మిగతా పాఠకుల కోసం కొంచెం చెబుతాను. ఖరగ్‌పూర్‌లో దీపావళి రాత్రి చాలా హాస్టళ్ళు, వాళ్ళ మాటలో 'హాళ్ళు', వెదురు బద్దలతో పెద్ద పెద్ద చట్రాలు కట్టి నిలబెడతాయి. వాటిని చటాయ్ అంటారు. వాటి మీద వేల ప్రమిదలను తీగలతో బొమ్మ ఆకారంలో బిగిస్తారు. లైట్లన్నీ ఆర్పేసి దీపాలు వెలిగిస్తే చీకట్లో ఆ బొమ్మ కనపడుతుంది. కింద నేల మీద రంగులతో పెద్ద ముగ్గులు. హాళ్ళ మధ్య పోటీ. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు కాబట్టి మొదటి సంవత్సరం పిల్లల నుంచి ఆఖరి సంవత్సరం వాళ్ళ దాకా వారాల తరబడి పక్కపక్కన కూర్చుంటారు.

గోడ పక్కన పది నిమిషాలు నిలవలేని నువ్వు అక్కడ గంటలు గంటలు ఎలా ఉన్నావు? చేతిలో పని ఉంది. అక్కడ హిందీ అవసరం పెద్దగా పడలేదు. ఇది పట్టుకో, అది అందించు, ఇంకా బిగించు, ఆ మాత్రం మాటలు చాలాయి. ఎవరి మొహమూ చూడక్కర్లేదు, అందరూ చటాయ్‌నే చూస్తున్నారు. బిడియం ఉన్నవాళ్ళకి మాటలకన్నా ముందు పని అలవాటవుతుంది, మాటలు వెనకాల మెల్లగా వస్తాయి. పెళ్ళింట్లో ఎవరూ తెలియని చోట కూరగాయలు తరిగే దగ్గర కూర్చున్నవాళ్ళని చూడు. గంటలో నలుగురు తెలిసిపోతారు. కుర్చీలో కూర్చున్నవాళ్ళు భోజనం దాకా ఫోన్ చూసుకుంటూనే ఉంటారు.

అందుకని అన్నీ మానేయమని చెప్పను, అన్నిటికీ వెళ్ళమనీ చెప్పను. పని ఉన్న చోటికి వెళ్ళు. వచ్చే సెమిస్టర్‌లో హాల్ డే, అంటే మీ హాస్టల్ వార్షిక వేడుక, వస్తుంది కదా, ముందుగానే వెళ్ళి 'లైట్ల వైరింగ్ నేను చూస్తాను' అని అడుగు. హిందీ నాటకంలో వేషం వేయలేవు, తెర వెనక సామాను మోయగలవు. ఊరికే పాటలు పెట్టి గంతులేసే రాత్రుళ్ళు నీకు నచ్చకపోతే ఒకసారి మొహం చూపించి, ఒక్కరితో మాట్లాడి, వచ్చేయి. అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఇంకో మూడు వారాల్లో ఎండ్‌సెమ్, అంటే సెమిస్టర్ చివరి పరీక్షలు, ఉంటే ఈ మూడు వారాలూ ఏ కార్యక్రమమూ వద్దు. తీగ కట్టడం నీ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో మ్యాథ్స్ బాగా వచ్చినవాడు ఒకడైనా ఉంటాడు. వాడి గదికి పుస్తకం పట్టుకుని వెళ్ళు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. నీకు జరిగిందని నువ్వు రాయలేదు, అయినా చెబుతున్నాను. ఇష్టం లేకపోయినా రావాల్సిందే అని బెదిరించడం, నిద్ర లేకుండా నిలబెట్టడం, రానివాణ్ణి అవమానించడం జరిగితే దాన్ని వేడుక అనరు, ర్యాగింగ్ అంటారు. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2009 నిబంధనల ప్రకారం అది శిక్షార్హం. 1800-180-5522కి ఎప్పుడైనా ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. 'రా' అని ఒకసారి పిలవడానికీ, రాకపోతే చూస్తామనడానికీ తేడా నీకు తెలిసి ఉండాలి.

భాష గురించి దిగులు పడుతున్నావు కాబట్టి ఇంకో మాట. నువ్వున్న ఊరు మనవాళ్ళకి కొత్తదేమీ కాదు. రైల్వే ఉద్యోగాల కోసం వెళ్ళిన తెలుగువాళ్ళు ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా ఉంటున్నారు. తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వాలని 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించింది కూడా. పరీక్షలయ్యాక ఒక ఆదివారం ఊళ్ళోకి వెళ్ళు. పక్క గది అబ్బాయిని తీసుకుని వెళ్ళు. ఇన్నాళ్ళూ అతని భాషలో నువ్వు తడబడ్డావు, ఒక పూట అతన్ని నీ భాషలో తిప్పు.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. లైబ్రరీలో ఉన్నానని చెప్పడం ఇవాళ్టితో ఆపు. ఇదొక్కటి గట్టిగా చెబుతున్నాను. అబద్ధం మొదలయ్యాక, నువ్వు నిజంగా లైబ్రరీలో కూర్చున్న రోజు కూడా ఆయన నమ్మరు. ఆయన కోపంలో భయమే ఎక్కువ. షాపులో వంగి వంగి పని చేసి నీ ఇంటర్ ఫీజులు కట్టిన మనిషి. ఇన్నాళ్ళూ నీ చదువు ఎలా సాగుతోందో కాలేజీ వాళ్ళు మార్కులు మెసేజ్ పెడితే తెలిసేది. ఇప్పుడు నువ్వు చెబితేనే తెలుస్తుంది. నువ్వు చెప్పింది ఒక తక్కువ మార్కు, ఒక దీపాల ఫొటో. ఆ రెండిటినీ కలుపుకుని ఆయన ఒక కథ అల్లుకున్నారు.

ఆదివారం పొద్దున, షాపు తెరవకముందు ఫోన్ చేయి. మెసేజ్ వద్దు. 'నాన్నా, మ్యాథ్స్ తగ్గింది దీపావళికి ముందే. అప్పుడు ఎవరినీ అడగలేక గదిలో కూర్చున్నాను. ఇప్పుడు ఫలానా అబ్బాయితో కలిసి చదువుతున్నాను. ఎండ్‌సెమ్ మార్కులు వచ్చిన రోజే చెబుతాను, తక్కువైనా చెబుతాను. అప్పుడప్పుడు హాస్టల్ పనులకీ వెళ్తాను, వెళ్ళినప్పుడు వెళ్ళానని చెబుతాను.' ఇంతే. ఆయన కసురుకుంటే కసురుకోనీ, ఎదురు చెప్పకు. వచ్చే ఆదివారం మళ్ళీ చేయి.

ఇంకొకటి ఉంది. నీ చేయి ఎందుకు ఆడిందో నాకు రాశావు. నాన్న షాపులో నేర్చుకున్నాననీ, ఐఐటీలో సీనియర్ ఆ పనే మిగతావాళ్ళకి నేర్పమన్నాడనీ రాశావు. ఈ మాట ఆయనకి చెప్పినట్టు మాత్రం ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆయనకి వెళ్ళింది ఫొటో ఒక్కటే. ఆ ఫొటోలో దీపాలు కనపడతాయి కానీ, వెనకాల నువ్వు వేసిన తీగ ముడులు కనపడవు. ఆ రోజు కట్టిన ప్రమిద ఒకటి తీగతో సహా దొరికితే దాచిపెట్టు. సెలవులకి వచ్చినప్పుడు షాపులో ఆయన పక్కన కూర్చుని, ఆ ముడి ఎలా వేశావో చూపించు.