డేటన్ రేడియో మేళాకి సెట్టు తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మాకు భారత హ్యామ్ (అభిరుచి కొద్దీ నడిపే రేడియో) లైసెన్సు ఉంది. మే నెలలో అబ్బాయి దగ్గరికి ఒహాయో వెళ్తూ అక్కడి హ్యామ్ రేడియో మేళా డేటన్ హ్యామ్‌వెన్షన్ చూడాలనుకుంటున్నాను. హ్యాండ్‌సెట్టు, బ్యాటరీ తీసుకెళ్లవచ్చా? అక్కడ మాట్లాడవచ్చా? – విజయవాడ పాఠకుడు

జవాబు: నిక్షేపంగా వెళ్లండి. ముందొక మాట: పేరు డేటన్‌దే అయినా 2017 నుంచి మేళా జరుగుతున్నది పక్కనున్న జీనియా ఊళ్లో, గ్రీన్ కౌంటీ మైదానంలో. బస అటువైపు చూసుకోండి.

ఒకరి హ్యామ్ లైసెన్సును మరొకరు గుర్తించేలా అమెరికాతో మనకు పరస్పర ఒప్పందం ఉంది కాబట్టి విడిగా పరీక్ష అక్కర్లేదు. లైసెన్సు అసలు ప్రతి, పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి. మీ కాల్‌సైన్ (లైసెన్సుతో ఇచ్చిన గుర్తింపు పేరు) ముందు 'డబ్ల్యూ8 స్ట్రోక్' (W8/) చేర్చి పలకాలి, ప్రతి సంభాషణలో ఒక్కసారైనా ఊరు, రాష్ట్రం చెప్పాలి. అక్కడ 2 మీటర్ల బ్యాండు (హ్యాములు వాడే ఒక తరంగాల శ్రేణి) 148 మెగాహెర్ట్జ్ దాకా ఉన్నా, మన లైసెన్సు 146 దగ్గరే ఆగుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

విడి లిథియం బ్యాటరీలు చేతిసంచీలోనే, కొనలకు టేపు అంటించి పెట్టండి. లగేజీలో వేస్తే తీసేస్తారు. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణించండి: 12.8 × 6 అంటే 76.8 వాట్-అవర్లు, 100 లోపు కాబట్టి ఫర్వాలేదు. అదే 20 ఆంపియర్-అవర్లదైతే 256, విమానం ఎక్కనివ్వరు.

పాత సామాను సంతలో 100 వాట్ల సెట్టు కొనేటప్పుడు ఆ చిన్న బ్యాటరీతో పూర్తి పవరులో పరీక్షించకండి. సెట్టు 20 ఆంపియర్లు లాగుతుంది, వోల్టేజీ పడిపోయి మంచి సెట్టు కూడా ఆగిపోతుంది. పవరు కనిష్ఠానికి తగ్గించి, యాంటెనాకు బదులు 50 ఓమ్‌ల డమ్మీ లోడు (పరీక్ష కోసం పెట్టే నిరోధకం) తగిలించి చూడండి. సంత ఆరుబయటే, వాన పడితే బురద. పాత బూట్లు వేసుకెళ్లండి.