పసుపు మరకా, అమెరికా డ్రయ్యరా

ఈసారి సెలవులకి హైదరాబాద్ వచ్చేసరికి, వచ్చే నెల డాలస్ వెళ్తున్న మా మేనకోడలు సూట్‌కేసులో సగం సర్ఫ్ ప్యాకెట్లే సర్దుతోంది. "అక్కడ మరకలు పోతాయో పోవో అత్తా" అంది. సబ్బు పొడి దొరకని ఊరుంటుందా! దొరకనిదల్లా దిల్‌సుఖ్‌నగర్‌లో మా డాబా మీది ఎండ. అది నాకు అమెరికా వెళ్లిన మొదటి నెలలోనే తెలిసొచ్చింది.

తెల్ల కుర్తా మీద పప్పుచారు ఒలకబోసుకున్నాను. సబ్బు రుద్దితే పసుపు మరక కాస్తా ఎర్రబడింది. బట్ట పాడైపోయిందని ఒకటే టెన్షన్. తీరా చూస్తే అది మనింట్లో ఎప్పుడూ చూసేదే. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, సబ్బులోనూ సున్నంలాగే క్షారం ఉంటుంది. బాగా జాడిస్తే మళ్లీ పసుపు రంగుకి వస్తుంది. నా అసలు తప్పు ఆ తర్వాతది. మరక ఉండగానే డ్రయ్యర్‌లో పడేశాను. ఆ వేడికి అది ఇక వదల్లేదు.

కాబట్టి ఉతికిన బట్టని తడిగా ఉన్నప్పుడే చూసుకోండి. మరక కనిపిస్తే డ్రయ్యర్ జోలికి వెళ్లకండి. గిన్నెలు తోమే లిక్విడ్‌తో నూనె వదిలించి ఎండలో ఆరేయండి, వెలుతురుకి పసుపు రంగు విరిగిపోతుంది. అక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో బాల్కనీలో ఆరేయనివ్వరు, లీజు చదువుకోండి. నేనైతే కిటికీ లోపల కుర్చీ మీద పరుస్తాను. ఆలస్యమైనా పని అవుతుంది.

ఆవకాయ నూనె, బిర్యానీ నెయ్యి పడితే వెంటనే తడపొద్దు. కార్న్‌స్టార్చ్ చల్లి, పావుగంటాగి దులిపి, అప్పుడు సబ్బు పెట్టండి. పట్టుచీరకైతే దులపడంతో ఆపి డ్రై క్లీనింగ్‌కి ఇచ్చేయండి. మన టీలో పాలెక్కువ, ముందు చల్లనీళ్లతో జాడించి, ఆ తర్వాత ఒక వంతు వైట్ వెనిగర్‌కి రెండు వంతుల నీళ్లు కలిపి నానబెట్టండి. రక్తపు మరకకీ చల్లనీళ్లే, వేడి నీళ్లు పోస్తే గడ్డకట్టి పట్టేస్తుంది. తెల్ల కాటన్ అయితే మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దిగా వేయండి. రంగు బట్టలకైతే ముందు లోపలి కుట్టు దగ్గర పరీక్షించాలి.

వెనిగర్, బేకింగ్ సోడా కలిపితే నురగ ముచ్చటగా వస్తుంది, కానీ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. విడివిడిగా వాడండి. బ్లీచ్‌లో మాత్రం వెనిగర్ అస్సలు కలపకండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది. కిటికీ లేని బాత్రూముల్లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

మా మేనకోడలు ప్యాకెట్లన్నీ తీసేసి, ఆ చోట్లో ఆవకాయ సీసా పెట్టింది, సరిగ్గా తెల్ల చుడీదార్ పక్కన. ముందు దానికి రెండు కవర్లు చుట్టవే తల్లీ అన్నాను.