ఎముక పొడికి 30 వేలు: డిపాజిట్ తీయాలా, ఈఎంఐ కట్టాలా?

ప్రశ్న: మాది చిత్తూరు, వయసు 62. మూడేళ్ల కిందట పైదవడలో కుడివైపు దవడపన్ను పీకించుకున్నాను. ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) కోసం తిరుపతి వెళ్తే, ఎముక తగ్గిపోయింది, ఎముక పొడి నింపే బోన్ గ్రాఫ్ట్ చేయాలన్నారు. ఇంప్లాంట్‌కు 35,000, గ్రాఫ్ట్‌కు 30,000. ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు, లేదంటే వడ్డీ లేని ఈఎంఐ 12 నెలలు. సేవింగ్స్‌లో 40,000 ఉంది. లక్ష రూపాయల డిపాజిట్ ఐదు నెలల్లో చేతికొస్తుంది. గ్రాఫ్ట్ నిజంగా అవసరమా? డబ్బు ఎక్కణ్నుంచి తీయాలి?

జవాబు: అమ్మా, మీరు పంపిన చీటీలో గ్రాఫ్ట్ లెక్క కిందెక్కడో వేరే ఇంకుతో రాసి ఉంది. అంతమాత్రాన అనుమానపడక్కర్లేదు. పన్ను తీసేశాక ఆ చోట ఎముక కరిగిపోతూ వస్తుంది, మొదటి ఏడాదే ఎక్కువ. పైదవడ వెనక భాగంలోనైతే పైన సైనస్ గాలి గది ఉంటుంది, అదీ కిందికి దిగుతుంది.

నేను డాక్టర్ని కాను. కానీ 30 వేలు పెట్టే ముందు ఒక అంకె అడగమంటాను: సైనస్ కింద ఎముక ఎన్ని మిల్లీమీటర్లు మిగిలింది? మామూలు ఎక్స్‌రేలో ఎముక వెడల్పు తెలియదు, సీబీసీటీ అనే 3డీ స్కాన్‌లో తెలుస్తుంది. ఎత్తు 8, 10 మి.మీ. ఉండి వెడల్పూ చాలితే చాలాసార్లు గ్రాఫ్ట్ లేకుండానే అవుతుంది. 5 నుంచి 8 మధ్య ఉంటే పొట్టి ఇంప్లాంటో, అదే రోజు చేసే చిన్న గ్రాఫ్టో సరిపోవచ్చు. అంతకన్నా తక్కువైతే గ్రాఫ్ట్ తప్పకపోవచ్చు. ఖర్చు మిగులుతుందని అప్పుడు వద్దనుకుంటే, వేసిన ఇంప్లాంట్ ఊడితే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. స్కాన్ ఫైల్ అడిగి తీసుకోండి. మీకు వేలూరు దగ్గరే కదా, సీఎంసీ దంత విభాగంలోనో, ఏదైనా డెంటల్ కాలేజీలోనో ఇంకొకరికి చూపించండి. 35,000లో పైన వేసే క్యాప్ కూడా కలిసి ఉందా అనేది కాగితం మీద రాయించుకోండి.

ఇక ఈఎంఐ. నెలకు 5,417 చొప్పున కట్టేది 65,000. తగ్గింపుతో నగదు ధర 61,750. మామూలుగా ఉండే ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీతో కలిపి 1,770 అనుకుంటే, ఈ 'వడ్డీ లేని' అప్పు మీద ఏడాదికి దాదాపు 15 శాతం పడుతుంది.

పెద్ద గ్రాఫ్ట్ అయితే అది ఎముకగా గట్టిపడటానికి ఆరు నెలల పైనే పడుతుంది, ఇంప్లాంట్ ఆ తర్వాతే. అంటే సేవింగ్స్‌లోంచి ఇప్పుడు 30,000 కట్టి, మిగతాది డిపాజిట్ గడువు తీరాక కట్టవచ్చు. ఏ దశ డబ్బు ఆ దశకే కడతానని చెప్పండి. తగ్గింపు పోయినా, ముందే అంతా కట్టి ఇరుక్కోరు. రెండూ ఒకేసారి చేస్తామంటే ఐదు నెలలు ఆగండి, డాక్టర్ కాదనకపోతే. మూడేళ్లు ఆగిన చోట ఇంకో ఐదు నెలలకు కొంప మునగదు. ఈలోపు షుగర్ ఉంటే అదుపులోకి తెచ్చుకోండి, గాయం మానడం దాని మీద కూడా ఆధారపడుతుంది.

ఈ పన్ను అయింది, ఇక ఆ పన్ను. ఆరోగ్య బీమా ప్రమాదాల్లో తప్ప ఇలాంటి దంత చికిత్సకు సాధారణంగా ఇవ్వదు. కానీ మీ పేరున బీమా ప్రీమియం ఏదీ కట్టకుండా, మీరు పాత పన్ను విధానంలో ఉంటే, సీనియర్ సిటిజన్‌గా వైద్య ఖర్చు ఏడాదికి 50,000 దాకా ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు. నగదు కాకుండా చెక్కు, యూపీఐ ద్వారా కట్టి రసీదు తీసుకోండి. గ్రాఫ్ట్ మార్చిలోపు, ఇంప్లాంట్ ఏప్రిల్ తర్వాత పడితే రెండు సంవత్సరాల్లోనూ చూపించుకోవచ్చు.