బందర్లో ఎక్కడ తినాలి అని అడిగావుగా, చిన్నీ

చిన్నీ,

నీకు బందరు, అదే మచిలీపట్నం, మెడికల్ కాలేజీలో సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పిన దగ్గర్నుంచి నాకు ఆ ఊరే కళ్లముందు తిరుగుతోంది. 2023లో ఆ కాలేజీ మొదలైనప్పుడు మన వాళ్లలో ఎవరో ఒకరు అక్కడ చదివితే బాగుండును అనుకున్నాను, ఆ ఒకరు నువ్వే అయ్యావు. ఇక నీ మెసేజ్. హాస్టల్ తిండి నా వల్ల కాదు మామయ్యా, బయట ఎక్కడ తినాలో లిస్టు రాసి పంపు అన్నావు. లిస్టు రాయడం లేదు తల్లీ, ఎందుకో చెప్తాను విను. చిన్న ఊళ్లో హోటల్ రుచంతా లోపల పొయ్యి దగ్గర నిలబడే మాస్టారి చేతిలోనే ఉంటుంది. జీతం దగ్గర తేడా వచ్చి ఆయన ఎదురు సందులో హోటల్‌కి మారిపోతే రుచి కూడా ఆయన వెంటే పోతుంది, బోర్డు మాత్రం పాతదే ఉంటుంది. నేను హైదరాబాదు వచ్చేశాక అక్కడ ఎంతమంది మాస్టార్లు మారారో, అందుకని పేర్లు ఇచ్చి నిన్ను తప్పుదోవ పట్టించడం కన్నా ఎలా వెతుక్కోవాలో చెప్పడమే మంచిది అనిపించింది.

ముందు చేపల సంగతి, ఎందుకంటే సముద్రం పక్కనున్న ఊరు కదా అని కొత్తగా వచ్చినవాళ్లు మోసపోయేది ఇక్కడే. గిలకలదిండి హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి ఏ చేప ఎన్నాళ్లు ఐసులో ఉండి వస్తుందో నాకు తెలుసు. పెద్ద మరబోట్లు ఒకసారి వేటకి వెళ్తే రోజుల తరబడి సముద్రం మీదే ఉంటాయి, వెళ్లేటప్పుడే ఐసు నింపుకుని వెళ్తాయి, పట్టిన చేపని పట్టినట్టే అందులో పెట్టేస్తారు. ఆ వంజరం, చందువ, పెద్ద రొయ్య ఒడ్డుకి రాగానే వేలంపాటలో వ్యాపారుల చేతికి పోయి, మళ్లీ ఐసు పెట్టెల్లోకి ఎక్కి, విజయవాడ, హైదరాబాదు, చెన్నై వైపు వెళ్లిపోతాయి. అంటే నువ్వు బందర్లో కూర్చుని వంజరం వేపుడు తిన్నా, ఇక్కడ హైదరాబాదులో నేను తిన్నా పెద్ద తేడా ఉండదు, ధర తప్ప. తెల్లవారుజామున వెళ్లి అదే రోజు తిరిగొచ్చే చిన్న పడవలున్నాయి చూడు, అవి తెచ్చే నెత్తళ్లు, కానగంతలు, చిన్న రొయ్యలు, పీతలు, ఇవీ ఊళ్లో అమ్ముడుపోయేవి, ఇవీ ఆ ఊరికి వెళ్లినందుకు తినాల్సినవి. అందుకని ఏ మెస్సుకి వెళ్లినా ముందు "ఇవాళ చిన్న చేప ఏముంది" అని అడుగు. ఏమీ లేదు, వంజరం, అపోలో ఫిష్ ఉన్నాయి అన్నారంటే ఆ వంటగదికి రేవుతో సంబంధం లేదన్నమాట, పప్పు, పెరుగుతో తిని వచ్చేయ్. నెత్తళ్ల వేపుడుందమ్మా, కానగంతల పులుసుందమ్మా అన్నారంటే కూర్చో.

ఇంకొక సంగతి కూడా గుర్తు పెట్టుకో. పాత కృష్ణా జిల్లా అంతా చేపల చెరువులు. కైకలూరు వైపు నుంచి బొచ్చె, శీలావతి లారీల్లో దేశమంతా వెళ్తాయి, బందరు హోటళ్లలో కూడా ఉత్త చేపల పులుసు అని పెట్టేది చాలావరకు ఈ చెరువు చేపే. అది చెడ్డ చేప అని నేననను, బాగా వండితే బొచ్చె తలకాయ పులుసుకి సాటి లేదు. కాని సముద్రపు చేప అనుకుని చెరువు చేపకి ఎక్కువ డబ్బు పెట్టడం నాకిష్టం లేదు. రొయ్య కూడా అంతే, ఇప్పుడు చుట్టూ ఉన్న చెరువుల్లో పెంచే వనామీయే ఎక్కువగా దొరుకుతుంది. మొహమాటపడకుండా "సముద్రానిదా, చెరువుదా" అని అడుగు, బందరోళ్లు నిజమే చెప్తారు. అడగడం తెలిసినవాళ్లంటే వాళ్లకి గౌరవం కూడా.

క్యాలెండర్ చూసి తినాలి అంటే నవ్వుకుంటావేమో గాని అదే అసలు విద్య. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ రెండు నెలలూ ఎవరైనా తాజా వంజరం అని పెట్టారంటే అది ఐసులోంచి తీసిందే, నమ్మకు. అప్పుడు మామిడికాయ వేసిన ఎండు నెత్తళ్ల కూర, వంకాయ ఎండు రొయ్యలు, గుడ్డు పులుసులో ఉప్పు చేప ముక్క, ఇవి తిను, బందరు ఆడవాళ్ల చేతిలో ఎండు చేప ఎంత గొప్పగా ఉంటుందో ఆ నెలల్లోనే తెలుస్తుంది. చింతచిగురు ఎండాకాలం మొదట్లో వస్తుంది, చింతచిగురు చిన్న రొయ్యలు దొరికిన రోజున క్లాసు ఉన్నా సరే ముందు భోజనం చేసి వెళ్లు, ఈ మాట మీ అమ్మకి చెప్పకు. జూన్ మధ్యలో బోట్లు మళ్లీ దిగాక ఊళ్లో చేపకి కొత్త ప్రాణం వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల కాలం, వాయుగుండం అని హెచ్చరిక వచ్చిందంటే ఎవరూ వేటకి వెళ్లరు, ఆ రెండు మూడు రోజులు శాకాహారమే సుఖం. కార్తీక మాసంలో చాలా ఇళ్లలో నీసు ముట్టరు, హోటళ్లలో కూడా చేప మెల్లగా కదులుతుంది, వండింది నిలవ ఉండిపోతుంది, కాబట్టి ఆ నెలలో రద్దీగా ఉండే చోటికే వెళ్లు. అమావాస్యకి పీతలో కండ ఎక్కువ, పౌర్ణమికి గుల్ల అని మా వైపు పాతవాళ్లందరూ నమ్ముతారు, నేనూ అమావాస్య దగ్గర్లోనే కొనేవాణ్ణి.

పళ్లెంలోకి వచ్చాక కూడా తెలుసుకోవచ్చు. తాజా చేప ముక్క వేలితో తాకితే పొరలు పొరలుగా విడిపోతుంది, నిలవది ముద్దగా చితికిపోతుంది. రొయ్య గట్టిగా, కొరికితే కాస్త తెగే చప్పుడు వచ్చేలా ఉండాలి, పిండిలా ఉందంటే పక్కన పెట్టేయ్. ముక్కుకి ఘాటుగా, మూత్రం లాంటి వాసన తగిలితే రుచి కూడా చూడకు, డబ్బు పోయినా పర్వాలేదు. కారం మరీ ఎక్కువగా, మసాలా మరీ దట్టంగా ఉన్న చోట నాకు ఎప్పుడూ అనుమానమే, తాజా చేపకి చింతపండు, ఉల్లిపాయ, కారం, కాస్త మెంతిపొడి చాలు. పులుసు మాత్రం పొద్దుటిది రాత్రికి ఇంకా బాగుంటుంది, రాత్రి భోజనానికి వెళ్తే పులుసు అడుగు, వేపుడు అడక్కు, మధ్యాహ్నం వేయించినదే మళ్లీ నూనెలో ముంచి ఇస్తారు. పీతలు, రొయ్యలు ఇంతకుముందు పెద్దగా తినలేదు కదా నువ్వు, మొదటిసారి కొంచెమే తిని ఒంటికి పడిందో లేదో చూసుకో. పీతకీ పెద్ద చేపకీ ధర రోజు రోజుకీ మారుతుంది, ఆర్డర్ ఇచ్చే ముందే ఎంత అని కనుక్కో, బిల్లు వచ్చాక టెన్షన్ పడటం ఎందుకు.

భోజనానికి మంచి వేళ పన్నెండున్నర. అప్పుడు అన్నం వేడిగా ఉంటుంది, కూరలన్నీ ఉంటాయి, కోనేరు సెంటర్ చుట్టుపక్కలా బస్టాండు వైపూ ఆఫీసుల వాళ్లు, కోర్టుకి వచ్చినవాళ్లు, బట్టల షాపుల్లో పనిచేసేవాళ్లు ఏ మెస్సులోకి నడుస్తున్నారో చూడు. రోజూ అక్కడే తినేవాళ్లు తప్పు చేయరు, ఎందుకంటే పొట్ట పాడైతే వాళ్లకి సెలవు దొరకదు. కారులో దిగి వచ్చేవాళ్లని చూసి వెళ్లకు. రెండు గంటలు దాటాక వెళ్తే మిగిలిన కూరల్లో నీళ్లు కలుస్తాయి.

టిఫిన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, కృష్ణా జిల్లాలో చెడ్డ ఇడ్లీ దొరకడమే కష్టం. పొద్దున్న ఏడుకి ముందే బండి దగ్గరికి వెళ్లి అల్లం చట్నీతో పెసరట్టు తిను, తొమ్మిదయ్యాక వెళ్తే పిండి పులిసిపోయి ఉంటుంది. సాయంత్రం పునుగులు, మిరపకాయ బజ్జీలు, పిడతకింద పప్పు. బండి దగ్గర నిలబడగానే మూకుడులో నూనె వైపు చూడు, నల్లగా ఉండి నురగ కడుతోందంటే ముందుకి నడువు. చలికాలంలో తేగలు, ఎండాకాలంలో తాటి ముంజెలు రోడ్డు పక్కనే అమ్ముతారు, హోటల్ ఫలహారం కన్నా అవి ఎన్నో రెట్లు మేలు.

నీళ్ల విషయంలో మాత్రం జాగ్రత్తమ్మా. బందర్లో భూమిలో నీళ్లు ఉప్పన, ఎక్కడ పడితే అక్కడ గ్లాసు అందుకుని తాగకు, నీ సీసా నువ్వు పట్టుకెళ్లు. మజ్జిగ కూడా ఏ నీళ్లతో కలిపారో కనుక్కుని తాగు. మిగతా జబ్బుల సంగతి నీకే ముందు ముందు తెలుస్తుంది గాని ఇది మాత్రం మామయ్య మాటగా విను.

మంగినపూడి బీచికి ఫ్రెండ్స్‌తో ఎలాగూ వెళ్తావు. ఊరికి పది పదకొండు కిలోమీటర్లు ఉంటుంది, ఇసుకకి బదులు నల్లమట్టి, అలలు నెమ్మదిగా ఉంటాయి, చూడ్డానికి నాకెంతో ఇష్టమైన చోటు. కాని తినడానికి కాదు. సముద్రం ఎదురుగా కూర్చుని చేప తినాలని అందరికీ ఉంటుంది, ఆ ఆశ మీదే ఆ దుకాణాలు నడుస్తాయి, ఆదివారం జనం ఎక్కువై నూనె మార్చే తీరిక కూడా ఉండదు వాళ్లకి. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి స్నానాలకి వచ్చే జనంలో అయితే అసలు ఏమీ కొనకు. ఊళ్లో నుంచే పులిహోరో పెరుగన్నమో కట్టించుకుని వెళ్లండి, అక్కడ కొబ్బరి బొండాం తాగండి, చాలు. నిజంగా సముద్రం చేప వండించుకుని తినాలని ఉంటే పొద్దున్నే గిలకలదిండి వెళ్లి చేప కొని, తెలిసినవాళ్ల ఇంట్లో వండించుకోవాలి. మీ బ్యాచ్‌లో బందరు పిల్ల ఒకతైనా ఉంటుంది, ఆ అమ్మాయితో స్నేహం చేసుకో, వాళ్లమ్మ చేతి వంట ఒక్కసారి తిన్నావంటే నేను రాసినదాంట్లో సగం నీకు అక్కర్లేకుండా పోతుంది. వెళ్లేటప్పుడు మాత్రం ఉత్త చేతులతో వెళ్లకు. చేప ఖర్చు నువ్వే పెట్టుకో, అంట్లు తోమడంలో సాయం చెయ్యి.

నీ స్నేహితుల్లో నీసు తిననివాళ్లుంటే వాళ్లకీ ఇబ్బంది లేదు. ముద్దపప్పు, ఆవకాయ, గోంగూర, గడ్డ పెరుగు, ఇవి బాగా పెట్టే శాకాహార భోజనశాలలు ఊళ్లో ఎప్పుడూ ఉన్నాయి, ముందు పెరుగు రుచి చూడమను, పెరుగు బాగున్న చోట మిగతావీ బాగుంటాయి. రంజాన్ నెలలో సాయంత్రాలు హలీం కూడా దొరుకుతుంది.

ఇక మిఠాయి. బందరు లడ్డుకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దానికి ఎంత పని ఉంటుందో తెలిస్తే ఆ గుర్తింపు ఎందుకో తెలుస్తుంది. శనగపిండిని నూనెలోనో నేతిలోనో పూసలా వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకం పోసి, నెయ్యి వేస్తూ మళ్లీ రోకలితో తొక్కి తొక్కి ఉండ కడతారు. అందుకే తొక్కుడు లడ్డు అంటారు దాన్ని. మంచిదైతే పలుకు తగలకుండా నోట్లోనే కరిగిపోతుంది. కొనేముందు వాసన చూడు, నెయ్యి వాసన రావాలి, కాస్త కమిలిన నూనె వాసన వచ్చినా వద్దు. దుకాణం వాళ్లని "ఇవాళ తొక్కిందేనా" అని అడుగు. హల్వా వేరు, గోధుమలు నానబెట్టి రుబ్బి పాలు తీసి, బెల్లం, నెయ్యి పోస్తూ గంటల కొద్దీ కలుపుతారు, నల్లగా మెరుస్తూ ఉంటుంది, అది లడ్డు కన్నా ఎక్కువ రోజులు నిలుస్తుంది.

దసరాకి ఇంటికి వచ్చేటప్పుడు లడ్డు అరకిలో, హల్వా కిలో తీసుకురా. హల్వాని ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోకు, ఇక్కడికి వచ్చేలోగా నెయ్యంతా కవరుకే అంటుకుంటుంది, అట్టపెట్టెలో బటర్ పేపర్ వేసి సర్దమను. డబ్బులు ముందే ఫోన్‌పే చేస్తాను, ఎంతయిందో చెప్పు. మొదటి నెలలోనే ఒక మంచి మెస్సు కనిపెట్టి, అక్కడి మాస్టారి పేరు, ఆయన ఏ కూర బాగా చేస్తాడో నాకు రాసి పంపు.

మీ పెద్దమామయ్య