కళ్లెలో నెత్తుటి జీరలు

ప్రశ్న: నా వయసు 36. ఆరు రోజులుగా జలుబు, దగ్గు. నిన్నా ఇవాళా పొద్దున్నే దగ్గితే పడిన పసుపుపచ్చ కళ్లెలో ఎర్రటి దారప్పోగుల్లాంటి జీరలు కనిపించాయి. జ్వరం తగ్గింది. పొగ తాగను. మందుల షాపులో అడిగితే లెవోఫ్లాక్సాసిన్ బిళ్లలు ఇచ్చారు. వేసుకోవచ్చా? ఇది టీబీయా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఆ బిళ్లలు పక్కన పెట్టండి. అవి బాక్టీరియా మీద పనిచేసే యాంటీబయాటిక్. జలుబు వైరస్‌తో వచ్చేది, దానికి అవి పనిచెయ్యవు. లెవోఫ్లాక్సాసిన్‌తో ఇంకో చిక్కుంది. అది టీబీ క్రిమినీ కొంత అణచగలదు. ఒకవేళ టీబీయే అయితే నాలుగు రోజులు తగ్గినట్టే ఉంటుంది, కళ్లె పరీక్షలో మాత్రం దొరక్కుండా పోవచ్చు.

మీరు చెప్పినలాంటి సన్నటి జీరలు జలుబులో కొందరికి పడుతుంటాయి. వాచి ఉన్న శ్వాసనాళాల్లో సన్నని రక్తనాళాలు దగ్గు ఊపుకి చిట్లుతాయి. లేదా అది ముక్కు రక్తమే కావచ్చు: రాత్రి పడుకున్నప్పుడు గొంతులోకి జారి, పొద్దున కళ్లెతో బయటికొస్తుంది. ముక్కు చీదినప్పుడు రుమాలుకి ఎరుపు అంటుతోందేమో చూడండి. (పళ్ల చిగుళ్లూ చూసుకోండి. తాంబూలం అలవాటుంటే ఆ ఎరుపుని లెక్కలోంచి తీసేయండి!) ముక్కులో సెలైన్ చుక్కలు వేసుకుని, ఒక్కో రంధ్రం మూసి మెల్లగా చీదండి. ఒళ్లునొప్పులకు పారాసెటమాల్ చాలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, అవి రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేస్తాయి. గుండెకోసం ఆస్పిరిన్ వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపొద్దు, డాక్టరుకి చెప్పండి.

అలాగని ఊరుకోమనను. మన దేశంలో కళ్లెలో రక్తం పడితే, దగ్గు రెండు వారాలు నిండేదాకా ఆగకుండా టీబీ పరీక్ష చేయించాలి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించండి. టీబీ పరీక్షకి ఒక కళ్లె నమూనా అక్కడికక్కడ, ఇంకోటి మర్నాడు పొద్దున లేవగానే ఇవ్వాలి. చాలామంది ఉమ్మి నింపి ఇచ్చేస్తారు, అది పనికిరాదు. మంచినీళ్లతో నోరు పుక్కిలించి, ఆరుబయట నిలబడి, రెండుమూడుసార్లు నిండా ఊపిరి పీల్చి, ఛాతీ లోపల్నుంచి దగ్గండి. చిక్కటి కళ్లె ఓ అర చెంచా నుంచి చెంచా దాకా ఉండాలి.

జీరలు పోయి రక్తమే చెంచాల లెక్కన పడినా, ఆయాసం వచ్చినా, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టున్నా, ఒక కాలు వాచినా 108కి ఫోన్ చేయండి. వెల్లకిలా పడుకోకుండా ముందుకి వంగి కూర్చోండి, పడ్డ రక్తాన్ని మింగకండి.

పొగ తాగేవారు, ముఖ్యంగా 40 దాటినవారు, ఎక్స్‌రే బాగుందని వదిలేయకూడదు. వాళ్లకి సీటీ స్కాన్ అవసరం పడొచ్చు. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినవాళ్లకీ అంతే. పాత మచ్చ ఉన్నచోటే శ్వాసనాళాలు వెడల్పై, మామూలు జలుబుకే రక్తం పడుతుంటుంది.