జవాబు: కాండైల్ ముందుకు జారినంత మాత్రాన కీలు తప్పినట్టు కాదు

మీ సందేహాలు రెండు. దవడ గుంట (పుర్రెలో కింది దవడ కొస కూర్చునే పల్లం) కప్పు అంత పల్చగా ఉంటే నమిలే ఒత్తిడిని ఎలా తట్టుకుంటుంది? నోరు తెరిస్తే కాండైల్ (కింది దవడ ఎముక పైకొస) గుంటలోంచి బయటికొస్తోంది కదా, అది కీలు తప్పడం కాదా? రెండింటికీ మూలం ఒకటే, మీరు గుంట ఒక్కటే కీలు అనుకుంటున్నారు.

ల్యాబ్‌లో ఎండు పుర్రె ఉంటే ఆ గుంటను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. చాలా పుర్రెల్లో కప్పు గుండా వెలుగు కనిపిస్తుంది. దాని పైనే మెదడు! అక్కడ పెద్దగా బరువు పడదు. అసలు బరువు మోసేది గుంట ముందున్న గట్టు, అంటే ఆర్టిక్యులర్ ఎమినెన్స్, దాని వెనక వాలు. అక్కడ ఎముక దళసరి, దాని మీదున్న ఫైబ్రస్ (నారలాంటి) పొర కూడా మందం. గుంట వెనకున్న టింపానిక్ ప్లేట్ చెవి గొట్టం తాలూకుది, కీలుతో దానికి పని లేదు.

ఇక జారడం. చెవి ముందు వేలు పెట్టి నోరు మెల్లగా తెరవండి. మొదటి 20–25 మిల్లీమీటర్ల వరకు కాండైల్ దాదాపు ఉన్నచోటే తిరుగుతుంది. తర్వాత డిస్క్‌తో (కాండైల్‌కూ పుర్రె ఎముకకూ మధ్య ఉండే మెత్తతో) కలిసి గట్టు మీదుగా కిందికి, ముందుకు జారుతుంది. వేలి కింద పల్లం తెలుస్తుంది. గట్టు అంచుదాకా, చాలామందిలో కాస్త దాటి కూడా, వెళ్లడం మామూలే. అలా వెళ్లి వెనక్కి రాలేక ఇరుక్కుంటేనే కీలు తప్పినట్టు.

అన్నట్టు, ల్యాబ్ రికార్డు పుస్తకంలో కాండైల్‌ను బంతిలా గీయకండి. అడ్డంగా 15–20, ముందు నుంచి వెనక్కి 8–10 మిల్లీమీటర్లు ఉంటుంది, లోపలి కొస కాస్త వెనక్కి తిరిగి ఉంటుంది. ఎగ్జామినర్లు సరిగ్గా ఇక్కడే పట్టుకుంటారు.